నవోకో ఎందుకు చనిపోవాలి? ‘ద విండ్ రైజెస్’ మీద అంత గొడవ దేనికో విడదీసి చూద్దాం

2013 జులైలో జపాన్‌లో ‘ద విండ్ రైజెస్’ అనే యానిమేషన్ సినిమా రిలీజయ్యాక కొద్ది వారాల్లోనే మూడు వైపుల నుంచి తిట్లు పడ్డాయి, అవి కూడా ఒకదానికొకటి పొంతన లేని తిట్లు. జపాన్‌లో రైట్ వింగ్ నెటిజన్లు డైరెక్టర్ హయావో మియజాకిని దేశద్రోహి అన్నారు. కొరియాలోనేమో జపాన్ యుద్ధ విమానం తయారుచేసినోణ్ణి తీసుకొచ్చి హీరోని చేశాడన్నారు. ఇవి చాలవన్నట్టు పొగాకుకి వ్యతిరేకంగా పనిచేసే ఒక జపాన్ సంఘం, సినిమాలో ఎవడు చూసినా సిగరెట్ కాలుస్తున్నాడు, చివరికి టీబీ పేషెంట్ పక్కన కూర్చుని కూడా కాలుస్తున్నాడు అని సినిమా తీసిన స్టూడియో జిబ్లీకి లెటర్ రాసింది. ఇంత గోలలోనూ జనం మాత్రం ఆగకుండా థియేటర్లకి వెళ్ళారు, 1100 కోట్ల యెన్‌లు దాటి వసూలు చేసి ఆ ఏడాది జపాన్‌లో నంబర్ వన్ సినిమా అయింది. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది, ‘ఫ్రోజెన్’ చేతిలో ఓడిపోయింది అనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పటికీ ఈ సినిమా గురించి మాట వస్తే వాదన యుద్ధం చుట్టూనే తిరుగుతుంది. యుద్ధాన్ని చూపించలేదు కాబట్టి తప్పు అని ఒకరు, చూపించకపోవడమే గొప్ప అని ఇంకొకరు. నాకైతే ఇద్దరూ తప్పు చోట వెతుకుతున్నారనిపిస్తుంది. సినిమాలో నిజంగా తేడా కొట్టే చోటు నవోకో దగ్గరుంది, అంటే హీరో భార్య దగ్గర. అది ఎందుకో చెప్పాలంటే ముందు ఈ కథ ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి, ఎందుకంటే ఇది ఒక మనిషి కథ కాదు, ఇద్దరి కథలు తెచ్చి ఒకడికి తగిలించారు.

కథ ఇంతే. జిరో హొరికోషి అనే కుర్రాడికి విమానాల పిచ్చి, కానీ చూపు సరిగ్గా ఆనదు కాబట్టి పైలట్ కాలేడు. కలలో ఇటలీ విమానాల డిజైనర్ కప్రోని వచ్చి, నేను కూడా నడపను, తయారుచేస్తాను, అంటాడు, వీడూ అదే దారి పడతాడు. టోక్యోలో ఇంజినీరింగ్ చదివి, నాగోయాలో మిత్సుబిషిలో చేరి, మొదటి విమానం ఫెయిలయ్యి, మనసు బాలేక కరుయిజావా అనే కొండ ఊళ్ళో హోటల్‌కి వెళ్తే అక్కడ నవోకో కలుస్తుంది, ప్రేమ, ఎంగేజ్‌మెంట్, ఆమెకి టీబీ. రెండో విమానం అద్భుతంగా ఎగురుతుంది, ఆమె పోతుంది, యుద్ధం వచ్చి దేశం బూడిదవుతుంది.

ఇందులో విమానాల భాగం చాలావరకు నిజం. అసలు జిరో హొరికోషి 1903లో గున్మా ప్రాంతంలో పుట్టాడు, 1927లో మిత్సుబిషిలో చేరాడు, జపాన్ నేవీ కోసం జీరో అనే ఫైటర్ విమానాన్ని (మనిషి జిరో, విమానం జీరో, కలిపేసుకోకండి) డిజైన్ చేసిన టీమ్‌కి పెద్ద అతనే, 1982 వరకూ బతికాడు. కానీ ప్రేమకథ మొత్తం ఇంకొకరిది. తత్సువో హోరి అని ఆ కాలపు రచయిత ఒకాయన, తనతో పెళ్ళి కుదిరిన అమ్మాయి కొండల మీద శానిటోరియంలో, అంటే టీబీ రోగుల ఆసుపత్రిలో, పోతే ఆ అనుభవంతో ఒక నవల రాశాడు, సినిమా పేరు ఆ నవల పేరే, ఆ పేరేమో ఫ్రెంచ్ కవి పాల్ వలేరీ పద్యంలోది, గాలి లేస్తోంది, బతకడానికి ప్రయత్నించాలి అనే పాదం. నవోకో అన్న పేరు కూడా హోరి రాసిన మరో నవలలోదే. ఈ అప్పు సంగతేమీ దాచలేదు మియజాకి, పోస్టర్ మీదే ఇద్దరికీ గౌరవంతో అని వేశారు. అసలు హొరికోషి భార్యకి మాత్రం టీబీ లేదు, ఏమీ లేదు, పిల్లల్ని కని కాపురం చేసుకుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందు బాగున్నవి మాట్లాడుకుందాం, ఎందుకంటే బాగున్నవి మామూలుగా బాలేవు, బొమ్మలతో ఇంత పని చేయించిన సినిమాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1923 సెప్టెంబర్ 1న కాంటో భూకంపం వచ్చినప్పుడు టోక్యో, యోకొహామా నేలమట్టమై లక్షమందికి పైగా పోయారు. సినిమాలో ఆ భూకంపం వచ్చే సీన్‌లో భూమి ఒక దుప్పటి దులిపినట్టు అలలా లేచి ఇళ్ళని కిందనుంచి ఎత్తి పడేస్తుంది, దానికి వచ్చే శబ్దం ఉంటుంది చూడండి, ఏదో జంతువు గొంతులోంచి మూలుగుతున్నట్టు ఉంటుంది. మూలుగే అది. ఈ సినిమాలో భూకంపానికీ విమానాల ఇంజిన్లకీ రైలుకీ చాలా సౌండ్లు మనుషులు నోటితో చేసినవే, సౌండ్ ట్రాక్ కూడా కావాలనే మోనోలో, అంటే ఒకే ఛానెల్‌లో పెట్టారు. ప్రొపెల్లర్ తిరిగేముందు ఎవడో గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తుంది, దాంతో ఆ మెషీన్లకి ఊపిరుంది అన్న భావన మనకి తెలీకుండానే లోపలికి వెళ్ళిపోతుంది. హాలీవుడ్‌లో వందల ట్రాకులు కలిపి చేసేది వీళ్ళు నాలుగు నోళ్ళతో కానిచ్చేశారు. భూకంపం తర్వాత రోడ్డు మీద జనం పరుగులు పెట్టే ఒక షాట్ ఉంది, తెరమీద నాలుగు సెకన్లు, గీయడానికి ఏడాది మూడు నెలలు పట్టింది ఒక్క యానిమేటర్‌కి. ఆ గుంపులో ప్రతి మనిషి వేరే పనిలో ఉంటాడు, ఒకడు మూట సర్దుకుంటాడు, ఒకామె పిల్లని లాక్కెళ్తుంది, పాజ్ చేసి చూడాల్సిందే.

రెండో బలం, ఒక మనిషి ఆలోచించడాన్ని బొమ్మల్లో చూపించడం. ఇది చాలా కష్టం, మామూలుగా సినిమాల్లో సైంటిస్టు అంటే బోర్డు మీద ఈక్వేషన్లు రాస్తాడు, మనం తలూపుతాం. ఇక్కడ జిరో మధ్యాహ్నం భోజనంలో బంగడ చేప తింటూ ముల్లు తీసి దాని వంపు చూసి మురిసిపోతాడు, ఆ వంపు రెక్కలోకి వస్తుంది. టేబుల్ మీద కాగితం, స్లైడ్ రూల్ (లెక్కలు చేసుకునే జారుడు స్కేలు), పెన్సిల్, అంతే, కానీ వాడు లెక్కేస్తుంటే గది పోయి ఆకాశం వస్తుంది, ఊహలో విమానం ఎగిరి రెక్క విరిగి ముక్కలు మీద పడుతుంటే వాడు కూర్చునే ఉంటాడు. ఫ్లష్ రివెట్లు, అంటే తల బయటికి పొడుచుకు రాకుండా రేకులో కలిసిపోయే రివెట్లు, వాటి గురించి ఒక రూమ్ నిండా కుర్ర ఇంజినీర్లు ఊగిపోతూ మాట్లాడుకునే సీన్‌లో నిజంగా హుషారు పుడుతుంది, రివెట్ల మీద! ఇంకో పక్క అదే ఫ్యాక్టరీలో తయారైన లేటెస్ట్ విమానాన్ని ఎయిర్‌ఫీల్డ్‌కి ఎద్దులు లాక్కెళ్తుంటాయి. ఇది జోక్ కోసం పెట్టింది కాదు, చరిత్రలో నిజంగా అలాగే జరిగింది, ఆ ఒక్క షాట్‌లో అప్పటి జపాన్ ఎకానమీ మొత్తం అర్థమైపోతుంది.

ఇక్కడే తిరకాసు మొదలవుతుంది. సినిమా పూర్తిగా జిరో కళ్ళలోంచి చూస్తుంది, జిరో కళ్ళకి అందం తప్ప ఇంకోటి ఆనదు. పైకి చాలా మంచోడు, ఎవరినీ నొప్పించడు, భూకంపంలో కాలు విరిగిన పనిమనిషికి తన స్లైడ్ రూల్ కట్టుగా కట్టి వీపు మీద మోసుకెళ్తాడు, పేరు కూడా చెప్పకుండా పోతాడు. కానీ లోపల ఒక చోట మంచు గడ్డ. కథంతా తెలిసే ఈ మంచు గడ్డ చుట్టూ అల్లారు. మీటింగ్‌లో జిరో, తుపాకులు తీసేస్తే బరువు సమస్య తీరిపోతుంది, అంటాడు, అందరూ పగలబడి నవ్వుతారు, వాడూ నవ్వుతాడు, మళ్ళీ పనిలోకి. చాలామంది ఈ సీన్ చూపించి చూశారా జిరోకి యుద్ధం ఇష్టం లేదు అంటారు. సరే, ఇష్టం లేదు. కానీ తుపాకులు తీసేయలేకపోతే బరువు ఎక్కడ తగ్గించాలి? అసలు చరిత్రలో జీరో ఫైటర్ అంత చురుగ్గా, అంత దూరం ఎగరడానికి కారణం దాన్ని పీల్చి పిప్పి చేసినట్టు తేలిక చేయడమే. పైలట్ వెనక కవచం లేదు. తూటా తగిలితే తనంతట తను మూసుకునే పెట్రోల్ ట్యాంకులు లేవు. మొదట్లో ఎదురు లేదు, అమెరికా వాళ్ళు దాని బలహీనత కనిపెట్టాక మాత్రం నాలుగు తూటాలకే అగ్గిపెట్టెలా అంటుకునేది, లోపలున్న కుర్రాడితో సహా. అంటే జిరో వెతికిన ఆ అందమైన గీత ఉందే, దాని ఖరీదు నేవీ అడిగిన లెక్కల ప్రకారం పైలట్ ప్రాణం. సినిమాకి ఇంత గొప్ప విషయం చేతికి అందుబాటులో ఉండి కూడా తుపాకుల జోకు దగ్గర ఆగిపోయింది, కవచం మాట ఎత్తలేదు.

పోనీ సినిమా అమాయకంగా ఉందా అంటే, లేదు. జిరో ఫ్రెండ్ హోంజో అని ఉంటాడు, వాడు వ్యవహారం తెలిసినోడు. ఒక రాత్రి జిరో రోడ్డు మీద ఆకలితో ఉన్న పిల్లలకి కేకు ముక్క ఇవ్వబోతే వాళ్ళు పారిపోతారు, ఇది హోంజోకి చెప్తే వాడు మొహం మీదే అంటాడు, నువ్వు చేసింది ఆత్మతృప్తి కోసం, మన విమానం మీద తగలేస్తున్న డబ్బుతో ఈ దేశంలో పిల్లలకి కడుపునిండా పెట్టొచ్చు అని. తర్వాత వాడూ వెళ్ళి బాంబర్ గీస్తాడు, అది వేరే విషయం. కరుయిజావా హోటల్లో కాస్టోర్ప్ అనే జర్మన్ ఉంటాడు, పేరు జర్మన్ రచయిత థామస్ మన్ శానిటోరియం నవల హీరోది, గొంతు ఇచ్చింది ఒకప్పుడు జిబ్లీలోనే పనిచేసిన స్టీవ్ ఆల్పర్ట్. ఆ పాత్ర ఆకుకూర నములుతూ చెప్తాడు, ఇది మర్చిపోవడానికి మంచి చోటు, చైనాతో యుద్ధం చేశారు, మర్చిపోండి, మంచూరియాలో కీలుబొమ్మ ప్రభుత్వం పెట్టారు, మర్చిపోండి, నానాజాతి సమితిలోంచి బయటికొచ్చారు, మర్చిపోండి, జపాన్ పేలిపోతుంది, జర్మనీ కూడా పేలిపోతుంది. సినిమా మొత్తంలో ఇంత సూటిగా ఎవరూ మాట్లాడరు. రైట్ వింగ్ వాళ్ళకి కాలింది ఇలాంటి చోట్లే, దానికి తోడు రిలీజ్ టైమ్‌కే మియజాకి జిబ్లీ వాళ్ళ ‘నెప్పూ’ అనే మ్యాగజైన్‌లో రాజ్యాంగం మార్చడం తప్పు, కంఫర్ట్ విమెన్‌కి, అంటే యుద్ధంలో జపాన్ సైన్యం లైంగిక బానిసలుగా వాడుకున్న ఆడవాళ్ళకి, క్షమాపణ చెప్పి నష్టపరిహారం ఇవ్వాలి అని రాశాడు, ఇంక ఊరుకుంటారా.

కానీ గమనించండి, ఆ నిజం చెప్పింది బయటివాడు. చైనా అన్న మాట ఒక జర్మన్ నోట్లోంచి వస్తుంది, చైనా మనిషి ఒక్కడు కూడా సినిమాలో లేడు. జీరో మొదటి పెద్ద యుద్ధం 1940 సెప్టెంబర్ 13న చైనాలోని చోంగ్‌చింగ్ మీద, ఒక్క జీరో కూడా కూలకుండా చైనా ఫైటర్లని చీల్చి చెండాడారు, ఆ ఊరి మీద బాంబులు అంతకుముందు, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి పడ్డాయి. హోంజో గీసిన బాంబర్లు 1937లోనే సముద్రం దాటి వెళ్ళి నాన్‌జింగ్ మీద బాంబులేశాయి. నాగోయాలోని ఇదే మిత్సుబిషి విమాన ఫ్యాక్టరీలో యుద్ధం చివర్లో కొరియా నుంచి తెచ్చిన టీనేజ్ అమ్మాయిల చేత బలవంతంగా పని చేయించారు, వాళ్ళకి పరిహారం ఇవ్వాలని దక్షిణ కొరియా సుప్రీం కోర్టు 2018లో తీర్పిచ్చింది. కొరియాలో కోపం ఊరికే రాలేదు.

మన వైపు నుంచి చూసినా ఇదేమీ దూరపు సంగతి కాదు. 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులేసింది జపాన్ నేవీ విమానాలే, ర్యూజో అనే విమాన వాహక నౌక మీద నుంచి వచ్చాయి. ఆ బాంబర్లు నకజిమా కంపెనీవి, హొరికోషివి కావు, కానీ ముందు రోజు కొలంబో మీద జరిగిన దాడిలో బాంబర్లకి తోడుగా వెళ్ళినవి జీరోలే. ఆ రోజుల్లోనే మద్రాసు చాలావరకు ఖాళీ అయింది. మన ఇళ్ళల్లో ముసలాళ్ళు జపానోడి బాంబు అని చెప్పుకున్నది ఈ కథకి ఇంకో కొస. ఇవన్నీ సినిమాలో చూపించాలనట్లేదు నేను, రెండు గంటల ఆరు నిమిషాల సినిమాలో అన్నీ పట్టవు, పైగా జిరో తల ఎత్తి ఇవి చూడడు అన్నదే కదా పాయింటు. ఒక మనిషి చూడకపోవడాన్ని చూపించాలంటే మనక్కూడా చూపించకూడదు, ఇది న్యాయమైన పద్ధతే. నా దగ్గర పేచీ ఏమీ లేదు అంతవరకు.

మియజాకికి ఇది ఎందుకంత సొంత విషయమో కూడా చెప్పాలి. ఆయన 1941లో పుట్టాడు, నాన్న కుటుంబానిది మియజాకి ఎయిర్‌ప్లేన్ అనే కంపెనీ, యుద్ధకాలంలో జీరోకి విడిభాగాలు సప్లై చేసింది. అంటే ఆయన చిన్నప్పుడు తిన్న అన్నం జీరో డబ్బుతో వచ్చిందే. జీవితమంతా యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడుతూనే యుద్ధ విమానాల బొమ్మలు గీయకుండా ఉండలేని మనిషి. ఈ కథని ముందు మోడల్ విమానాల మ్యాగజైన్‌లో మాంగాగా, అంటే కామిక్‌గా గీశాడు, అందులో జిరోకి పంది మొహం పెట్టాడు, సినిమా తీద్దామని పట్టుబట్టింది ప్రొడ్యూసర్ తొషియో సుజుకి. జిరో గొంతుకి ప్రొఫెషనల్ యాక్టర్ని కాదని హిదెయాకి అన్నోని పెట్టారు, ‘ఎవాంజెలియన్’ తీసిన డైరెక్టర్, కుర్రాడిగా ఉన్నప్పుడు మియజాకి దగ్గరే ‘నౌసికా’లో పనిచేశాడు. ఆ గొంతులో ఎత్తు పల్లాలు ఉండవు, ప్రేమిస్తున్నా అన్నా రివెట్ల గురించి అన్నా ఒకటే టోన్. చాలామందికి ఇది నచ్చలేదు. నాకు మాత్రం సరిగ్గా కుదిరిందనిపిస్తుంది, పని తప్ప ఇంకేదీ వినపడని మనిషి గొంతు అలాగే ఉంటుంది, యాక్టింగ్ చేసేవాడు పెడితే జిరో మీద మనకి లేనిపోని ప్రేమ పుట్టేది.

ఇంక నవోకో. మొదట్లో ఆమె బాగానే ఉంటుంది, రైల్లో ఎగిరిపోతున్న జిరో టోపీని ఎగిరి పట్టుకుంటుంది, ఫ్రెంచ్ పద్యంలో మొదటి సగం ఆమె చెప్తే రెండో సగం వాడు చెప్తాడు, బాల్కనీలోంచి కాగితం విమానాలు విసురుకునే సీన్ జో హిసైషి మ్యూజిక్‌తో కలిసి ఎంత హాయిగా ఉంటుందో. బొమ్మలేసుకునే అమ్మాయి, సొంత బుర్ర ఉంది. టీబీ ముదిరాక శానిటోరియంలో చేరుతుంది, అక్కడ ఉండలేక తప్పించుకుని నాగోయా వస్తుంది, జిరో బాస్ కురొకావా ఇంట్లో ఆ రాత్రే పెళ్ళి. అక్కణ్ణుంచి ఆమె పని పక్క మీద పడుకుని ఉండటం, ఉదయం బుగ్గలకి రంగు పూసుకుని ఆరోగ్యంగా కనపడటం. జిరో రాత్రిళ్ళు ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని ఇంకో చేత్తో స్లైడ్ రూల్ తిప్పుతూ పని చేస్తాడు, సిగరెట్ కాల్చుకుంటా చెయ్యి వదులు అంటే ఆమె ఇక్కడే కాల్చుకో అంటుంది. పొగాకు సంఘం వాళ్ళు లెటర్ రాసింది దీని మీదే కానీ, ఈ సీన్ సినిమాలో అన్నిటికంటే నిజాయితీగా ఉన్న సీన్. ఎంత ప్రేమో అంత స్వార్థం, రెండూ ఒకే ఫ్రేమ్‌లో. జిరో చెల్లెలు కాయో, డాక్టర్ అవుతోంది, ఆమె ఒక్కతే అడుగుతుంది, అన్నయ్యా, వదినకి ఎంత సీరియస్‌గా ఉందో నీకు తెలుసా, ఆమెని ఇలా ఉంచేస్తావా అని. సినిమాకి మనస్సాక్షి అంటూ ఉంటే అది కాయో.

ఆ తర్వాత జరిగేది చూడండి. విమానం పరీక్ష రోజున నవోకో ఎవరికీ చెప్పకుండా శానిటోరియంకి తిరిగి వెళ్ళిపోతుంది. కాయో వెనక పరుగెత్తబోతే కురొకావా భార్య ఆపుతుంది, తను అందంగా ఉన్నంతవరకే అతనికి కనపడాలనుకుంది, అంటుంది. అయిపోయింది, కాయో అడిగిన ప్రశ్న అక్కడితో మూసేశారు. చనిపోవడం చూపించరు, శవం లేదు, దగ్గు లేదు, ఎయిర్‌ఫీల్డ్‌లో గాలి వీస్తే జిరో ఒక్కసారి తల తిప్పుతాడంతే. అందం కోసం బతికినవాడికి భార్య కూడా అందంగానే మాయమైపోవాలి. ఇది జిరో కోరిక అయితే అర్థం చేసుకోవచ్చు, కానీ ఇక్కడ సినిమాయే ఆ కోరిక తీరుస్తోంది, అదీ ఆమె త్యాగంలా, ఆమె సొంత నిర్ణయంలా చూపించి.

చివరి కల సంగతి. కూలిపోయిన జీరోల ముక్కల గుట్టల మధ్యలోంచి జిరో నడుచుకుంటూ వస్తాడు. కప్రోని ఎదురొస్తాడు. జీరోలు పైకి లేచి ఆకాశంలో వేల తెల్ల చుక్కల నదిలో కలిసిపోతాయి. ఒక్కటి కూడా తిరిగి రాలేదు, అంటాడు జిరో. ఒక్క వాక్యం. ఇక్కడ ఆగి ఉంటే, ఈ వాక్యం మీద కాసేపు నిలబడి ఉంటే, సినిమా తను ఎత్తుకున్న లెక్క తనే తేల్చుకునేది. ఆగదు. వెంటనే కప్రోని, నీకోసం ఒకరు ఎదురుచూస్తున్నారు, అంటాడు, గడ్డి మైదానంలో గొడుగు పట్టుకుని నవోకో వస్తుంది, నువ్వు బతుకు అంటుంది, గాలిలో కలిసిపోతుంది, వాడు థాంక్యూ అని కన్నీళ్ళు పెట్టుకుంటాడు, మనం కూడా.

అదీ నా పేచీ. మనం ఏడ్చింది ఎవరికోసం? తిరిగిరాని పైలట్లకోసం కాదు, ఆ విమానాల కింద పోయినవాళ్ళకోసం అసలే కాదు, నవోకో కోసం. ఈ నవోకో జిరో జీవితంలో లేదని ముందే చెప్పుకున్నాం కదా, వేరే మనిషి నవల్లోంచి తెచ్చి ఇక్కడ పెట్టిన చావు ఇది. ఎందుకు కావాల్సి వచ్చింది? జిరో చేసిన పనికి ఏదో ఒక మూల్యం కట్టినట్టు ప్రేక్షకుడికి అనిపించాలి కాబట్టి. అసలు హొరికోషి పోగొట్టుకున్నది పెద్దగా ఏమీ లేదు, భార్యాపిల్లలతో 78 ఏళ్ళు బతికాడు, మూల్యం కట్టింది వేరేవాళ్ళు. ఆ నిజం చేదుగా ఉంటుంది, దాన్ని అలాగే వదిలేస్తే జిరోని మనం అంత తేలిగ్గా క్షమించలేం. నవోకోని పోగొట్టుకున్న జిరోని క్షమించేస్తాం. ఇంకా దారుణం ఏంటంటే ఆ క్షమాపణ కూడా ఆమె నోటితోనే ఇప్పించారు. పైలట్లు మాట్లాడలేరు, చోంగ్‌చింగ్ జనం మాట్లాడలేరు, వాళ్ళందరి తరఫునా ఈమె వచ్చి నువ్వు బతుకు అనేస్తుంది. ఆ హక్కు ఆమెకి ఎవరిచ్చారు?

దీనికి ఎదురు వాదన ఒకటి గట్టిదే ఉంది. నవోకో అంటే ఆ కాలపు జపాన్, పైకి రంగు పూసుకుని లోపల ఊపిరితిత్తులు తినేస్తున్న దేశం, జిరో ఆమెని చూసుకోకుండా పనిలో మునిగినట్టే దేశాన్నీ చూసుకోలేదు, కాబట్టి రెండు చావులూ ఒకటే అని. ఈ వాదన నాకు సగం వరకు ఒప్పుదల, సిగరెట్ సీన్ దాకా. కానీ ఆ లెక్కన చివర్లో దేశమే వచ్చి జిరోని క్షమించినట్టు అవుతుంది, అది ఇంకా ఇబ్బంది. ఇదే స్టూడియోలో 1988లో ఇసావో తకహాతా ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’ తీశాడు, బాంబుల కింద ఉన్న పిల్లల కథ, అందులో కూడా జపాన్ ఇతరుల మీద చేసింది లేదు, కానీ అక్కడ ఎవడూ ఎవణ్ణీ క్షమించడు. ఆ చావులకి రంగు పూయలేదు.

మిగతా లోపాలు చిన్నవే, గబగబా చెప్పేస్తా. ఏళ్ళు దూకేస్తుంటాయి, తెరమీద సంవత్సరం వేయరు, 1923 నుంచి 1945 దాకా ఎక్కడున్నామో జపాన్ చరిత్ర తెలీనివాళ్ళకి పట్టుకోవడం కష్టం. రహస్య పోలీసులు జిరో వెంట పడే దారం సగంలో వదిలేశారు, ఎందుకు వెతికారో తేలదు. కప్రోనిని పూర్తిగా నవ్వుల తాతలా చూపించారు, ఆయన కంపెనీ బాంబర్లు ఇథియోపియా మీద ముస్సోలినీ యుద్ధంలో వాడారు, ఆ ఊసు లేదు. జిబ్లీ సినిమా కదా అని పిల్లల్ని కూర్చోబెడితే అరగంటలో లేచిపోతారు.

చూడని వాళ్ళెవరైనా ఉంటే జపనీస్ ఆడియోతో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో జోసెఫ్ గోర్డన్-లెవిట్ బాగా చెప్పాడు, కాస్టోర్ప్‌కి జర్మన్ డైరెక్టర్ వెర్నర్ హెర్జోగ్ గొంతైతే అదిరిపోయింది, కానీ అన్నో ఇచ్చిన ఆ చప్పటి గొంతు పోతే జిరో మామూలు మంచబ్బాయి అయిపోతాడు. దీని తర్వాత 2023లో వచ్చిన ‘ద బాయ్ అండ్ ద హెరాన్’ చూడండి. ‘ద విండ్ రైజెస్’ రిలీజయ్యాక రిటైరయ్యానని ప్రకటించిన మియజాకి మళ్ళీ వచ్చి తీసింది అది. అందులో తండ్రి విమాన విడిభాగాల ఫ్యాక్టరీ ఓనరు, ఫైటర్ల కాక్‌పిట్ అద్దాలు తెచ్చి ఇంట్లో వరసగా పెడతాడు. యుద్ధం పుణ్యమా అని బాగా బతుకుతున్న మనిషి, ధీమాగా, కాస్త గొప్పలు పోతూ ఉంటాడు, అతనికి ఏ కలలూ లేవు, ఏ కప్రోనీ రాడు. ఎవరూ వచ్చి అతన్ని క్షమించే సీన్ కూడా లేదు.